పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల రిజర్వ్ జట్లను కింది లీగుల్లో ఆడనివ్వాలా?

కార్నర్ జెండా (చర్చ ప్రారంభించినవారు)

2018లో యువెంటస్ తన అండర్-23 జట్టును, అంటే కుర్రవాళ్లతో నడిపే రిజర్వ్ (రెండో లేదా బి) జట్టును, ఇటలీ మూడో డివిజన్ అయిన సీరీ సిలో దింపినప్పుడు అది ఒంటరి ప్రయోగం. 2023లో అటలాంటా, 2024లో మిలాన్, 2025లో ఇంటర్ అదే దారి పట్టాయి. మిలాన్ రెండో జట్టు మాత్రం మొదటి సీజన్‌లోనే సీరీ డికి జారిపోయింది. స్పెయిన్, జర్మనీ, నెదర్లాండ్స్, పోర్చుగల్ దేశాలకు ఇది కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లో మాత్రం ఈ మాట ఎత్తగానే కింది డివిజన్ల అభిమానులు భగ్గుమంటారు.

నా పక్షం ముందే చెబుతాను: ఆడనివ్వకూడదు. పాయింట్ల పట్టికలో ఉండే ప్రతి జట్టుకూ గెలవాలన్న కోరిక ఒక్కటే ఉండాలి. రిజర్వ్ జట్టుకు ఆ కోరిక ఉన్నా, దాని యజమానికి ఉండదు. ఆ జట్టు ఓడినా తన స్ట్రైకర్ నాలుగు విషయాలు నేర్చుకుంటే యజమాని సంతోషంగా ఇంటికి వెళతాడు. మీరేమంటారు?

టచ్‌లైన్ మాధవి

ఆ స్ట్రైకర్ నేర్చుకోవడమే నాకు ముఖ్యం, అందుకే ఆడనివ్వాలంటాను.

పద్దెనిమిదేళ్లకు అకాడమీ ముగించిన ఆటగాడి పరిస్థితి చూడండి. మొదటి జట్టులో చోటు లేదు. అండర్-21 లీగ్‌లో ఎదుటివాళ్లంతా తన ఈడువాళ్లే, తనలాంటి మైదానాల్లో తనలాంటి శిక్షణ పొందినవాళ్లే. అక్కడ ఓడితే ఎవరి ఉద్యోగమూ పోదు. అదే మూడో డివిజన్‌లో అయితే ముప్పై మూడేళ్ల డిఫెండర్ ఎదురవుతాడు. ఈ సీజన్ బాగా ఆడితేనే అతనికి వచ్చే ఏడాది ఒప్పందం దొరుకుతుంది. రిఫరీ ఎటు చూస్తున్నాడో, మోచెయ్యి ఎప్పుడు పైకి లేపాలో, ఎప్పుడు నేలమీద పడి రెండు నిమిషాలు గడపాలో అతనికి తెలుసు. ఈ చదువు ఏ అకాడమీలోనూ చెప్పరు.

యువెంటస్ సంగతే తీసుకోండి. ఫాజోలి, మిరెత్తి, సూలే, హౌసెన్, యిల్దిజ్ అందరూ ఆ రెండో జట్టులో ఆడి పైకి వచ్చినవారే. ఆటగాళ్ల మాట పక్కన పెట్టినా, కోచ్‌ల సంగతి ఎవరూ పట్టించుకోరు. గ్వార్డియోలా 2007లో కోచ్‌గా మొదలుపెట్టింది నాలుగో అంచెలో ఉన్న బార్సిలోనా బితోనే. బుస్కెట్స్, పెద్రో ఆ జట్టులోవారే. షాబి అలొన్సో రియల్ సోసిదాద్ బిని 2021లో రెండో డివిజన్‌కు చేర్చాడు. అంత చిన్న వయసు కోచ్‌కు నిజమైన లీగ్‌లో నిజమైన ఒత్తిడి మరెక్కడ దొరుకుతుంది?

ఆఫ్‌సైడ్ అప్పారావు

షాబి అలొన్సో జట్టు 2021లో ఎక్కి 2022లో దిగిపోయిందని కూడా చెప్పండి మాధవి గారూ. ఒత్తిడి రెండు వైపులా దొరికింది ఆయనకు.

టచ్‌లైన్ మాధవి

దిగిపోయింది. ఆ కోచ్ 2024లో లెవర్కూసెన్‌ను ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ విజేతను చేశాడు. రెండో డివిజన్ నుంచి దిగిపోవడం కూడా ఆయన చదువులో భాగమే అనుకుంటాను.

నిబంధనల నారాయణ

చర్చ ముందుకు వెళ్లేలోపు నియమాలు ఒకసారి చూసుకుందాం. చాలామంది అన్ని దేశాలనూ ఒకే గాటన కడుతున్నారు.

స్పెయిన్‌లో రెండో జట్టు మొదటి జట్టు కన్నా కనీసం ఒక డివిజన్ కింద ఉండాలి. అంతకు మించి అడ్డు లేదు, రెండో డివిజన్ దాకా ఎక్కవచ్చు. జర్మనీలో పరిమితి మూడో లీగ్. 2019-20లో బయర్న్ మ్యూనిక్ రెండో జట్టు మూడో లీగ్ విజేతగా నిలిచింది, కానీ పైకి వెళ్లే హక్కు లేదు. మరుసటి సీజన్‌లో అదే జట్టు కింది డివిజన్‌కు దిగిపోయింది. ఫ్రైబుర్గ్ రెండో జట్టు కథ కూడా అదే: 2022-23లో రెండో స్థానం, 2023-24లో అట్టడుగు స్థానం. నెదర్లాండ్స్‌లో 2013లో యోంగ్ అయాక్స్, యోంగ్ పిఎస్‌వి, యోంగ్ ట్వెంటె అనే రిజర్వ్ జట్లు రెండో డివిజన్‌లో చేరాయి. 2017-18లో యోంగ్ అయాక్స్ ఆ డివిజన్ గెలిచింది. పైకి వెళ్లింది మాత్రం రెండో స్థానంలో ఉన్న ఫోర్టునా సిటార్డ్. పోర్చుగల్‌లో 2012లో ఆరు బి జట్లు ఒకేసారి రెండో డివిజన్‌లో అడుగుపెట్టాయి. 2015-16లో పోర్తో బి ఏకంగా విజేత అయింది, పైకి వెళ్లింది వేరే జట్లు.

ఇటలీలో రెండో జట్లు పాత క్లబ్బులను తోసేసి రాలేదు. డబ్బు లేక కొన్ని క్లబ్బులు సీరీ సి నుంచి తప్పుకున్నప్పుడు ఏర్పడిన ఖాళీలోకి యువెంటస్ జట్టు వచ్చింది. అక్కడ వ్యతిరేకత ఇంగ్లండ్‌లో ఉన్నంతగా లేకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను.

నాలుగో డివిజన్

నారాయణ గారు చెప్పిన బయర్న్, ఫ్రైబుర్గ్ ఉదాహరణలే నా వాదన. ఒక ఏడాది విజేత, మరుసటి ఏడాది దిగిపోవడం. మామూలు క్లబ్బు విజేత అయితే ఆ జట్టును నిలబెట్టుకోవడానికి అప్పులు చేసైనా ప్రయత్నిస్తుంది. రిజర్వ్ జట్టు బాగా ఆడితే అందులో బాగా ఆడినవాళ్లందరినీ మొదటి జట్టు తీసుకుంటుంది, లేదా అమ్మేస్తుంది, కోచ్‌ను మరో క్లబ్బు ఎగరేసుకుపోతుంది. బయర్న్ రెండో జట్టును గెలిపించిన సెబాస్టియన్ హోనెస్ ఆ వేసవిలోనే హొఫెన్‌హైమ్‌కు వెళ్లిపోయాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ మిగతా పంతొమ్మిది క్లబ్బులు పోటీ పడింది ఎవరితో? ఆగస్టులో ఒక జట్టుతో, జనవరిలో ఇంకో జట్టుతో.

అంతకన్నా పెద్ద ఇబ్బంది వారం వారం మారే జట్టు. ఈ వారం మొదటి జట్టుకు మ్యాచ్ లేదు, గాయం నుంచి కోలుకుంటున్న పెద్ద స్ట్రైకర్‌కు కాస్త ఆట కావాలి, రిజర్వ్ జట్టులో దింపుతారు. ఆ రోజు ఎదురుపడిన క్లబ్బు నాలుగు గోల్స్ తింటుంది. వచ్చే వారం మొదటి జట్టుకు గాయాల బెడద, రిజర్వ్ జట్టు నుంచి ఐదుగురిని పైకి పిలుస్తారు. ఆ రోజు ఎదురుపడిన క్లబ్బు సునాయాసంగా మూడు పాయింట్లు పట్టుకుపోతుంది. మే నెలలో ఈ రెండు క్లబ్బుల మధ్య ఒక్క పాయింట్ తేడాతో ఒకటి దిగిపోతే, ఆ దిగిపోయిన క్లబ్బు అభిమానికి ఏం సమాధానం చెబుతారు? యువ ఆటగాడు బాగా నేర్చుకున్నాడని చెబుతారా?

పాత స్కోర్‌బోర్డు

స్పెయిన్ గురించి మాట్లాడుతూ కాస్తియ్యాను మరిచిపోతే ఎలా?

1980 జూన్‌లో స్పెయిన్ రాజు కప్పు ఫైనల్. ఒకవైపు రియల్ మాడ్రిడ్. మరోవైపు రియల్ మాడ్రిడ్ రిజర్వ్ జట్టు కాస్తియ్యా, రెండో డివిజన్‌లో ఆడే కుర్రవాళ్లు. వాళ్లు ఫైనల్‌కు ఊరికే రాలేదు. ఎర్కులెస్, అథ్లెటిక్ బిల్బావో, రియల్ సోసిదాద్, స్పోర్టింగ్ హిహోన్ అన్నింటినీ దాటి వచ్చారు. ఫైనల్ బెర్నబ్యూలోనే, 6-1తో పెద్దన్న గెలిచాడు. ఆ రోజు స్టేడియంలో ఎవరి వైపు కేకలు వేయాలో తెలియని అభిమానుల ముఖాలు తలుచుకుంటేనే నవ్వొస్తుంది.

కథ అక్కడితో ఆగలేదు. రియల్ మాడ్రిడ్ లీగ్ కూడా గెలిచి యూరోపియన్ కప్పుకు వెళ్లడంతో, ఫైనల్లో ఓడిన కాస్తియ్యాకు కప్ విన్నర్స్ కప్పులో చోటు దక్కింది. ప్రత్యర్థి వెస్ట్ హామ్. మాడ్రిడ్‌లో 3-1తో కాస్తియ్యా గెలిచింది. మొదటి మ్యాచ్‌లో గొడవలు జరగడంతో లండన్‌లో రెండో మ్యాచ్ ఖాళీ స్టేడియంలో ఆడించారు. అదనపు సమయం దాకా లాగి 5-1తో గెలిచి వెస్ట్ హామ్ గట్టెక్కింది.

ఇక 1983-84 చూడండి. బుత్రగేన్యో, మిచెల్, సాంచిస్, మార్తిన్ వాస్కెస్ ఉన్న కాస్తియ్యా రెండో డివిజన్ విజేత. రెండో స్థానంలో బిల్బావో అథ్లెటిక్, అంటే అదీ అథ్లెటిక్ బిల్బావో క్లబ్బు రిజర్వ్ జట్టే! ఇద్దరికీ పైకి వెళ్లే హక్కు లేదు. మూడు, నాలుగు, ఐదు స్థానాల్లో నిలిచిన జట్లు మొదటి డివిజన్‌కు వెళ్లాయి. నాలుగో డివిజన్ గారు దీన్ని అన్యాయం అనవచ్చు. నాకు మాత్రం ఆ సీజన్ టికెట్ కొన్న ప్రేక్షకుడిపై అసూయ.

1990 తర్వాత స్పెయిన్‌లో రిజర్వ్ జట్లను రాజు కప్పు నుంచి తప్పించారు. జర్మనీలోనూ 2008 నుంచి కప్పులో రెండో జట్లకు చోటు లేదు. అక్కడ 1993లో హెర్తా బెర్లిన్ అమెచ్యూర్ (రెండో) జట్టు ఫైనల్ దాకా వెళ్లి లెవర్కూసెన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఇలాంటి కథలు ఇక రావు. నాకు అది బాధే.

నాలుగో డివిజన్

స్కోర్‌బోర్డు గారూ, కథలు బాగున్నాయి. కానీ ఆ సీజన్‌లో ఐదో స్థానంలో నిలిచి పైకి వెళ్లిన జట్టు అభిమాని కూడా సంతోషించాడంటే, ఆ డివిజన్‌లో మొదటి రెండు స్థానాలకు విలువ లేదన్నట్టే కదా? కాస్తియ్యా, బిల్బావోలతో ఆడిన మ్యాచ్‌లు పాయింట్లు పోగొట్టుకోవడానికి తప్ప ఎందుకు ఆడినట్టు?

టచ్‌లైన్ మాధవి

ఆ తప్పు రిజర్వ్ జట్టుది కాదు, పైకి వెళ్లనివ్వని నియమానిది. అయినా మొదటి డివిజన్‌లో ఒకే క్లబ్బుకు రెండు జట్లు ఉంటే అవి ఒకదానితో ఒకటి ఆడాలి. అది కుదరదు. ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. స్పెయిన్ గీసిన గీత అన్నిటికన్నా మేలు అంటాను. రెండో డివిజన్ దాకా ఎక్కనిస్తే ఆటగాడికి ఎక్కడానికి ఏదో ఒకటి ఉంటుంది.

నిబంధనల నారాయణ

స్పెయిన్ గీతకు మరో కొస ఉంది. 2012లో విల్యారియల్ మొదటి జట్టు ఆఖరి రోజున మొదటి డివిజన్ నుంచి దిగిపోయింది. అప్పటికి విల్యారియల్ బి రెండో డివిజన్‌లో ఉంది. రెండూ ఒకే డివిజన్‌లో ఉండకూడదు కనుక బి జట్టును మూడో అంచెకు దింపేశారు. ఆ కుర్రవాళ్లు తమ మ్యాచ్‌లలో ఏం చేశారన్న దానితో సంబంధం లేకుండా.

ఉదయం ప్రాక్టీస్

నేను కొన్నేళ్లు చిన్న క్లబ్బులో యువ ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చాను. పెద్ద క్లబ్బుల నుంచి లోన్‌పై, అంటే కొంతకాలం ఆడటానికి అరువుగా, వచ్చినవాళ్లను దగ్గరగా చూశాను. రిజర్వ్ జట్లు వద్దనేవాళ్లు చెప్పే ప్రత్యామ్నాయం లోనే కనుక దాని లోపలి సంగతి కొంచెం చెబుతాను.

లోన్‌పై వచ్చిన ఆటగాడు మా జట్టుకు చెందడు. పక్కింటివాళ్లు ఊరెళ్తూ మనకు అప్పగించిన కుక్కపిల్లలాంటివాడు. అన్నం పెడతాం, బయట తిప్పుతాం, కానీ దానికి కొత్త విద్యలు నేర్పడానికి మన సమయం వెచ్చించం. మా కోచ్‌కు ఉన్న సమయం మా సొంత ఆటగాళ్లకే చాలదు. లోన్ కుర్రవాడు రెండు మ్యాచ్‌లు బాగా ఆడకపోతే బెంచ్ మీదకు వెళతాడు. పెద్ద క్లబ్బు నుంచి నెలకోసారి ఒక మనిషి వచ్చి నోట్‌బుక్కులో ఏదో రాసుకుని వెళతాడు. పైగా ఆ కుర్రవాడు మా దగ్గర సెంటర్ బ్యాక్‌గా ఆడతాడు, పెద్ద క్లబ్బులో అతన్ని ఫుల్ బ్యాక్‌గా చూస్తున్నారు. మా ఆట పొడవాటి బంతులది, వాళ్లది చిన్న పాసులది. ఆరు నెలల తర్వాత తిరిగి వెళ్లినప్పుడు అతను ఏం నేర్చుకున్నాడో చెప్పడం కష్టం.

రిజర్వ్ జట్టులో అయితే అదే వ్యవస్థ, అదే స్థానం, అదే ఆహార నియమం, రోజూ చూసే వైద్యుడు. మొదటి జట్టు కోచ్ కిటికీలోంచి తొంగి చూస్తే కనబడతాడు. గురువారం పిలిస్తే శనివారం ఆడగలడు.

అలాగని లోన్ పనికిరాదని కాదు. ఇంటికి దూరంగా, ఎవరూ పట్టించుకోని చోట నిలబడటం కొందరిని మనుషులను చేస్తుంది. ఎవరికి ఏది పనికొస్తుందో ముందుగా చెప్పగలిగిన కోచ్‌ను నేను ఇంతవరకు కలవలేదు.

కార్నర్ జెండా

హ్యారీ కేన్ లేటన్ ఓరియెంట్, మిల్వాల్, నారిచ్, లెస్టర్ నాలుగు చోట్లకూ లోన్‌పై వెళ్లాడు. నారిచ్‌లో గాయంతో చాలాకాలం ఆడనే లేదు. లెస్టర్‌లో ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాడు. ప్రాక్టీస్ గారి లెక్క ప్రకారం చెడిపోవాలి. కానీ ఇంగ్లండ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. బెకమ్‌ను కూడా 1995లో ప్రెస్టన్‌కు లోన్‌పై పంపారు.

ఇంకో మాట. 2014లో ఇంగ్లండ్ ఎఫ్‌ఏ (ఫుట్‌బాల్ సంఘం) అధ్యక్షుడు గ్రెగ్ డైక్ నియమించిన కమిషన్, నాలుగో డివిజన్ అయిన లీగ్ టూ కింద కొత్తగా లీగ్ త్రీ పెట్టి అందులో పెద్ద క్లబ్బుల బి జట్లను చేర్చాలని సూచించింది. ఇంగ్లండ్ ఆటగాళ్లు తగ్గిపోతున్నారు, జాతీయ జట్టు వెనకబడుతోంది అన్నదే కారణం. అభిమానులు ఒప్పుకోలేదు, ప్రతిపాదన అటకెక్కింది. తర్వాత ఏమైంది? 2017లో ఇంగ్లండ్ అండర్-17, అండర్-20 ప్రపంచ కప్పులు రెండూ గెలిచింది. 2018లో పెద్దల ప్రపంచ కప్ సెమీఫైనల్. వరుసగా రెండు యూరో ఫైనల్స్. ఒక్క బి జట్టు కూడా లీగ్‌లో లేకుండానే.

రెండో జట్లు ఉన్న జర్మనీ అదే కాలంలో 2018, 2022 ప్రపంచ కప్పుల్లో మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది.

సులోచన 10

వరుసగా రెండు యూరో ఫైనల్స్ ఆడి రెండూ ఓడారు కదా. 2024 ఫైనల్లో స్పెయిన్ తరఫున రెండు గోల్స్ కొట్టిన నికో విలియమ్స్, ఒయార్సాబాల్ ఇద్దరూ తమ క్లబ్బుల రిజర్వ్ జట్లలో ఆడి వచ్చినవారే. 🙂

అథ్లెటిక్ బిల్బావో విషయంలో ఇంకో కోణం ఉంది. ఆ క్లబ్బు బాస్క్ ప్రాంతంతో అనుబంధం ఉన్న ఆటగాళ్లను మాత్రమే తీసుకుంటుంది. బజారులో అందరూ కొనే స్ట్రైకర్‌ను వాళ్లు కొనలేరు. అకాడమీకీ మొదటి జట్టుకూ మధ్య మెట్టు లేకపోతే ఆ క్లబ్బు నిలబడదు. కాబట్టి రిజర్వ్ జట్టు అంటే ధనిక క్లబ్బుల విలాసం అనడం అన్ని చోట్లా నిజం కాదు.

కార్నర్ జెండా

సులోచన గారూ, ఆ ఫైనల్లో ఇంగ్లండ్ గోల్ కొట్టిన కోల్ పామర్ లోన్‌పై ఎక్కడికీ వెళ్లలేదు, కింది లీగ్‌లో బి జట్టుకూ ఆడలేదు. ఒక్క మ్యాచ్‌తో ఇరువైపులా ఏదైనా నిరూపించవచ్చు. నా ఉద్దేశం ఒక్కటే: జాతీయ జట్టు పేరు చెప్పి కింది డివిజన్లను త్యాగం చేయమనడానికి ఆధారం చాలదు.

ఆఫ్‌సైడ్ అప్పారావు

ఇంగ్లండ్‌లో బి జట్లు లేవని ఎవరన్నారు? లీగ్‌లో లేవు, మూడు, నాలుగు డివిజన్ల క్లబ్బులు ఆడే ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ అనే కప్పులో ఉన్నాయి. 2016లో పెద్ద అకాడమీల అండర్-21 జట్లు పదహారింటిని ఆ కప్పులోకి పిలిచారు. చిన్న క్లబ్బులు బలహీనమైన జట్లను దింపకూడదని ఒక నియమం పెట్టారు: లీగ్ మ్యాచ్ ఆడిన పదకొండుగురిలో ఐదుగురైనా ఉండాలి. పెద్ద క్లబ్బు పిల్లలను పంపవచ్చు, చిన్న క్లబ్బు మాత్రం పెద్దవాళ్లను పంపాలి!

బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఏం చేసిందో తెలుసా? గోల్‌కీపర్ కొలిన్ డోయల్‌ను జట్టులో పెట్టి, మ్యాచ్ మొదలైన మూడో నిమిషంలో బయటకు పిలిచేసింది. నియమం పాటించినట్టే. ఆ కాగితం రాసినవాళ్ల ముఖం చూడాలని ఉంది నాకు.

నాలుగో డివిజన్

లూటన్, పోర్ట్స్‌మత్‌లకు జరిమానా కూడా పడింది, ఆ నియమం పాటించలేదని. అభిమానులు మ్యాచ్‌లను బహిష్కరించారు. ఖాళీ స్టాండ్ల ఫోటోలు చూశారు కదా. అదే సీజన్ ఫైనల్‌కు మాత్రం వెంబ్లీలో 74,434 మంది వచ్చారు, ఎందుకంటే ఆడింది కవెంట్రీ, ఆక్స్‌ఫర్డ్. కవెంట్రీ ఆ ఏడాదే లీగ్ టూకు దిగిపోయింది, అయినా జనం వచ్చారు. చిన్న క్లబ్బులకు జనం లేరు కనుక బి జట్లను తెచ్చి ఆసక్తి పెంచుదామనే వాదన విన్నప్పుడల్లా నాకు ఆ సంఖ్య గుర్తొస్తుంది.

టికెట్ల సంగతి కూడా ఇదే. కింది డివిజన్ క్లబ్బు బతికేది గేటు దగ్గర వచ్చే డబ్బుతో. ప్రత్యర్థి జట్టు వెంట ఐదారు వందల మంది వస్తే ఆ రోజు లెక్క వేరు. రిజర్వ్ జట్టు వెంట ఎవరు వస్తారు? తల్లిదండ్రులు, ఏజెంట్లు.

2019లో బరీ క్లబ్బును లీగ్ నుంచి తొలగించినప్పుడు మూడో డివిజన్ అయిన లీగ్ వన్ ఆ సీజన్ మొత్తం ఇరవై మూడు జట్లతోనే నడిచింది. ఖాళీలో ఎవరి బి జట్టునూ కూర్చోబెట్టలేదు. ఇటలీ పద్ధతి నచ్చినవాళ్లు ఇది ఆలోచించండి. క్లబ్బు ఎందుకు మూతపడిందో చూడకుండా కుర్చీ నింపేస్తే, మూతపడటం అందరికీ అనుకూలంగా మారుతుంది.

నిర్వాహకుడు

రెండు పోస్టులు తొలగించాను. ఒక క్లబ్బు అభిమానులందరినీ కలిపి తిట్టడం ఇక్కడ కుదరదు. చర్చ బాగుంది, కొనసాగించండి.

రెండో బంతి

అందరూ గుమ్మం దగ్గర కొట్లాడుకుంటుంటే రిజర్వ్ జట్లు దొడ్డిదారిన ఎప్పుడో వచ్చేశాయి.

సావియో అనే బ్రెజిల్ కుర్రవాణ్ణి ఫ్రాన్స్‌లోని త్రువా క్లబ్బు కొన్నది. స్పెయిన్‌లోని జిరోనాకు లోన్‌పై పంపింది. అక్కడ మెరిశాక 2024లో మాంచెస్టర్ సిటీ తీసుకుంది. మూడు క్లబ్బుల్లోనూ వాటా ఉన్నది ఒకే సంస్థకు. చెల్సీ యజమానులు 2023లో స్ట్రాస్‌బుర్గ్‌ను కొన్నారు. అప్పటి నుంచి స్ట్రాస్‌బుర్గ్ అభిమానులు మా క్లబ్బు వేరొకరి అనుబంధ శాఖగా మారిందని నిరసన తెలుపుతూనే ఉన్నారు.

ఆస్ట్రియాలో లీఫరింగ్ అని ఒక క్లబ్బు ఉంది. పేరుకు విడి క్లబ్బు, పనికి సాల్జ్‌బుర్గ్ పిల్లల జట్టు. పైకి వెళ్లే హక్కు లేదు. ఉపమెకానో, సోబోస్లై, అడెయెమి అక్కడ ఆడి వెళ్లినవారే.

ఇప్పుడు చెప్పండి. సొంత పేరుతో, సొంత జెర్సీతో, నియమాల కింద ఒక బి జట్టు కింది లీగ్‌లో ఆడటం మేలా, లేక వందేళ్ల చరిత్ర ఉన్న మరో దేశపు క్లబ్బును కొని దాన్నే బి జట్టుగా మార్చేయడం మేలా? మొదటిది కనీసం కళ్ల ముందు ఉంటుంది.

నిబంధనల నారాయణ

దీనికి కొంత కారణం లోన్ల మీద ఫిఫా పెట్టిన పరిమితి కూడా. 2022 నుంచి ఒక క్లబ్బు విదేశాలకు లోన్‌పై పంపగల ఆటగాళ్ల సంఖ్యను మొదట ఎనిమిది, తర్వాత ఏడు, 2024 నుంచి ఆరుకు తగ్గించారు. ఇరవై ఒక్కేళ్ల లోపువారికి, క్లబ్బు సొంతంగా తయారుచేసినవారికి మినహాయింపు ఉంది. ఒకప్పుడు చెల్సీ లాంటి క్లబ్బులు డజన్ల కొద్దీ ఆటగాళ్లను దేశదేశాలకు పంపిన రోజులు పోయాయి. వాళ్లను ఎక్కడో ఒకచోట ఉంచాలి కదా.

కార్నర్ జెండా

రెండో బంతి గారి ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది, ఒప్పుకుంటాను. అయితే ఒక తప్పుకు మరో తప్పును విరుగుడుగా చూపడం నాకు నచ్చదు. బి జట్లను అనుమతించిన దేశాల్లో బహుళ క్లబ్బుల యాజమాన్యం ఆగిందా? జిరోనా స్పెయిన్‌లోనే ఉంది.

రెండో బంతి

ఆగలేదు. ఆ మాట నిజం.

ఉదయం ప్రాక్టీస్

మరో సంగతి ఎవరూ ఎత్తలేదు: రిజర్వ్ జట్టు పెద్ద క్లబ్బులకే భారం అనిపించిన సందర్భాలు ఉన్నాయి. జర్మనీలో రెండో జట్టు తప్పనిసరి అన్న నియమాన్ని 2014లో ఎత్తేయగానే లెవర్కూసెన్, ఫ్రాంక్‌ఫర్ట్ తమ జట్లను రద్దు చేసుకున్నాయి. తర్వాత లైప్‌జిగ్ కూడా. ఖర్చుకు తగ్గ ఫలితం లేదని, అసలైన ప్రతిభ నేరుగా మొదటి జట్టులోకే వస్తుందని వాళ్ల వాదన. ఫ్రాంక్‌ఫర్ట్ 2022లో మళ్లీ మొదలుపెట్టింది.

జపాన్‌లోనూ అంతే. 2016లో గాంబా ఒసాకా, సెరెజో ఒసాకా, ఎఫ్‌సి టోక్యో అండర్-23 జట్లను మూడో డివిజన్‌లో చేర్చారు. 2020తో ఆ ప్రయోగం ముగిసింది.

రిజర్వ్ జట్టును అంత గట్టిగా సమర్థించిన నేనే అంటున్నాను: పెద్ద క్లబ్బుకు ఇది ఒక సీజన్ ఆలోచన, చిన్న క్లబ్బుకు అదే లీగ్ జీవితం. పెద్దవాడు విసుగెత్తి వెళ్లిపోతే అతని ఖాళీ చుట్టూ డివిజన్‌ను మళ్లీ సర్దుకోవాల్సింది మిగతావాళ్లు.

సులోచన 10

అమెరికా దారి ఎవరికీ నచ్చలేదా? 2022 నుంచి అక్కడ రెండో జట్లకు వేరే లీగే పెట్టారు, అందులో కొన్ని స్వతంత్ర క్లబ్బులు కూడా ఆడతాయి.

ఆఫ్‌సైడ్ అప్పారావు

అక్కడ ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు సులోచన గారూ. మాధవి గారి ముప్పై మూడేళ్ల డిఫెండర్ అక్కడ మోచెయ్యి ఎందుకు ఎత్తుతాడు?

టచ్‌లైన్ మాధవి

అప్పారావు గారు మొదటిసారి నా పక్షాన మాట్లాడారు, గమనించగలరు.

నాలుగో డివిజన్ గారి అభ్యంతరాల్లో నేను కొట్టిపారేయలేనిది ఒకటే: వారం వారం మారే జట్టు. దానికి నా షరతులు ఇవి. సీజన్ మొదట్లో రిజర్వ్ జట్టు ఇరవై ఇద్దరి పేర్లు ఇవ్వాలి, అందరూ ఇరవై మూడేళ్ల లోపువారే. మొదటి జట్టు నుంచి ఎవరూ కిందికి దిగకూడదు, గాయమైనా సరే. కింది నుంచి పైకి వెళ్లినవాడు జనవరి దాకా తిరిగి రాకూడదు. ఉన్న క్లబ్బు చోటు ఎవరూ లాక్కోకూడదు, డివిజన్‌లో అదనంగా చోటు కల్పించాలి. రిజర్వ్ జట్టు మైదానంలో జరిగే మ్యాచ్ టికెట్ల డబ్బు ప్రత్యర్థికే ఇవ్వాలి. ఇన్ని ఒప్పుకున్న క్లబ్బును ఆడనివ్వడానికి అభ్యంతరం ఏమిటి?

నాలుగో డివిజన్

నాకేమీ లేదు. కానీ మీ షరతులను మొదట తిరస్కరించేది పెద్ద క్లబ్బులే. ప్రాక్టీస్ గారిని అడగండి. గురువారం పిలిస్తే శనివారం ఆడగలగడమే రిజర్వ్ జట్టు ప్రయోజనం అని ఆయనే రాశారు. పైకి వెళ్లినవాడు జనవరి దాకా తిరిగి రాకూడదంటే ఏ కోచ్ పిలుస్తాడు?

ఉదయం ప్రాక్టీస్

నేనైతే పిలవను. పంతొమ్మిదేళ్లవాణ్ణి పైకి పిలిచి పది నిమిషాలు ఆడించి, మళ్లీ కింద తొంభై నిమిషాలు ఆడించడంలోనే అసలు శిక్షణ ఉంది. ఆ తలుపు మూసేస్తే మిగిలేది మరో అండర్-21 జట్టు, కాస్త పెద్ద ప్రత్యర్థులతో.

కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ తిరగడాన్ని ఇరవై ఒక్కేళ్ల లోపువారికి మాత్రం అనుమతించి, పెద్ద స్ట్రైకర్లను పూర్తిగా ఆపండి. అది నడుస్తుంది.

నాలుగో డివిజన్

ఇరవై ఏళ్ల కుర్రవాడు ఇప్పటికే జాతీయ జట్టుకు ఆడుతుంటే? ఈ రోజుల్లో అలాంటివాళ్లు ప్రతి పెద్ద క్లబ్బులోనూ ఇద్దరున్నారు. మా డివిజన్‌లో ఎవరికి ఎదురుపడినా నాలుగు గోల్స్ కొడతారు.

టచ్‌లైన్ మాధవి

అయితే మొదటి జట్టుకు ఆ సీజన్‌లో ఐదు లీగ్ మ్యాచ్‌లు మొదటి నుంచీ ఆడినవాడు కిందికి రాకూడదని పెడదాం. వయసుతో పని లేదు.

నాలుగో డివిజన్

ఐదు కాదు, మూడు.

టచ్‌లైన్ మాధవి

మూడుకు ఒప్పుకుంటే అదనపు చోటు గురించి మీ అభిమానుల సంఘంలో మాట్లాడతారా?

నాలుగో డివిజన్

మాట్లాడతాను. మావాళ్లు ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను. పోయినసారి ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు ఓటింగ్ దాకా కూడా వెళ్లలేదు.